పికప్ ట్రక్కులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తే: సర్దుకుపోవడమా, మరమ్మతా, మార్పిడా?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇబ్బంది పెట్టడం మొదలైన పికప్ ట్రక్కు యజమాని ముందు ఐదు దారులుంటాయి. జాగ్రత్తలు పాటిస్తూ ఉన్నదానితోనే నడుపుకోవచ్చు. ఫ్లూయిడ్ (గేర్‌బాక్స్‌లోని నూనె), ఫిల్టరు మార్పించి చూడవచ్చు. గేర్‌బాక్స్‌ను దించకుండానే చేతికందే సోలినాయిడ్లు (ఫ్లూయిడ్ దారులను తెరిచి మూసే విద్యుత్ వాల్వులు), సెన్సర్లు, వాల్వ్ బాడీ (ఫ్లూయిడ్‌ను ఆయా క్లచ్‌లకు మళ్లించే భాగం) వంటి నియంత్రణ భాగాలను బాగుచేయించవచ్చు. గేర్‌బాక్స్ దింపి రీబిల్డ్ (విప్పి, అరిగిన భాగాలు మార్చి తిరిగి కూర్చడం) చేయించడమో, దాని స్థానంలో మరొకటి బిగించడమో చేయవచ్చు. ఇవేవీ కుదరకపోతే బండినే అమ్మేయవచ్చు. మూడో దారి నుంచి నాలుగో దారికి వెళ్లేసరికి ఖర్చు ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఎందుకంటే గేర్‌బాక్స్‌ను కిందికి దించడమే పెద్ద పని, ఫోర్ వీల్ డ్రైవ్ బండిలోనైతే దానితోపాటు ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసును కూడా విప్పాలి. ఈ ఐదింటిలో దేన్ని ఎంచుకోవాలో నిర్ణయించవలసింది లోపం ఎక్కడుందన్న విషయమే. లక్షణం ఎంత భయపెడుతోందన్నదాన్ని బట్టి నిర్ణయించేవారు తరచూ నష్టపోతారు: వెన్ను అదిరేంత గట్టిగా గేర్ పడే బండికి సాఫ్ట్‌వేర్ సరిదిద్దితే సరిపోవచ్చు, చప్పుడే లేకుండా మెత్తగా జారుతూ గేర్ మారే బండిలో గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు అప్పటికే కాలిపోయి ఉండవచ్చు.

పికప్‌లలో ఈ బాధ ఎక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం వేడి. ఇంజిన్ శక్తిని ఫ్లూయిడ్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ లాకప్ కానంతసేపు, అంటే ఇంజిన్‌తో నేరుగా బిగుసుకోనంతసేపు, ఇంజిన్ శక్తిలో కొంత భాగం ఫ్లూయిడ్‌ను చిలకడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. ట్రైలర్‌ను లాగుతూ నిదానంగా ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో రివర్స్ చేసేటప్పుడు, బురదలోనో ఇసుకలోనో చక్రాలు కూరుకుపోయినప్పుడు ఈ వేడి నిమిషాల్లోనే పెరిగిపోతుంది. మామూలు నడకలో ఫ్లూయిడ్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఇంధనం ఆదా కోసం థర్మోస్టాట్ పెట్టిన కొత్త గేర్‌బాక్స్‌లలో 100 దాకా ఉండడం కూడా మామూలే. సుమారు 115 దాటిన తరువాత ఫ్లూయిడ్ విడిపోయి లోపలి భాగాల మీద వార్నిష్‌లాంటి పొర పేరుకోవడం మొదలవుతుంది, 125–130 దగ్గర రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, 145 పైన క్లచ్ ప్లేట్లు జారుతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఫ్లూయిడ్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది మెకానిక్‌లు వాడే స్థూలమైన లెక్క. అందుకే ఏ నిర్ణయమూ తీసుకోకముందు, బండి కంప్యూటర్ సమాచారాన్ని చదివే ఓబీడీ సాకెట్‌కు తగిలించే చిన్న రీడర్ ఒకటి కొని, రోజువారీ ప్రయాణాల్లో గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత ఎంత ఉంటోందో గమనించమని నా మొదటి సలహా. డ్యాష్‌బోర్డు మీద సూచిక ఉన్న బండ్లలో సైతం అది చాలాసార్లు అంకె చూపించదు, పరిస్థితి చేయి దాటాక మాత్రమే హెచ్చరిస్తుంది.

ముందు రోగం తెలియాలి

గేర్‌బాక్స్‌ది అనుకున్న తప్పు చాలాసార్లు గేర్‌బాక్స్‌ది కాదు. బండి ఆగే క్షణంలోనో, ఆగి కదిలేటప్పుడో వెనక నుంచి 'టంగ్' మని తన్నినట్టు అనిపిస్తే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లిప్ యోక్‌లో (జారే అతుకులో) గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు, యూనివర్సల్ జాయింట్ అరిగి ఉండవచ్చు, లేదా వెనక డిఫరెన్షియల్‌లో పళ్ల మధ్య వదులు పెరిగి ఉండవచ్చు. కంపెనీ ఇచ్చినవాటి కంటే పెద్ద టైర్లు వేయించి కంప్యూటర్‌లో ఆ కొలత మార్చకపోతే, బండి వేగాన్ని తప్పుగా లెక్కగట్టి గేర్లు వేళతప్పి మారుస్తుంది. బ్యాటరీ బలహీనపడినా, ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ వైరు తుప్పుపట్టినా సోలినాయిడ్లకు సరైన వోల్టేజి అందక గేర్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయి. వీటిలో ఏదీ గేర్‌బాక్స్ విప్పితే బాగుపడేది కాదు.

వీటన్నింటికంటే ఎక్కువ మందిని తికమక పెట్టేది అదురు. సమతలమైన రోడ్డు మీద, గంటకు 60 నుంచి 90 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్‌ను తేలికగా తొక్కి ఉంచినప్పుడు బండి గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు సన్నగా వణికితే అది టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ పట్టూ విడుపూ కావచ్చు. అచ్చంగా అదే అదురు ఇంజిన్‌లో ఒక స్పార్క్ ప్లగ్గో ఇగ్నిషన్ కాయిలో మిస్ అవుతున్నప్పుడు కూడా వస్తుంది, ఎందుకంటే లాకప్ అయిన కన్వర్టర్ ఇంజిన్ కుదుపును దాచకుండా చక్రాల దాకా పంపిస్తుంది. వేగం నిలకడగా ఉంచి, బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మేర మాత్రమే తాకితే లాకప్ విడిపోతుంది. అదురు ఆ క్షణంలోనే ఆగిపోతే అనుమానం కన్వర్టర్ మీదికి మళ్లుతుంది, కానీ అంతటితో తీర్పు చెప్పకూడదు. స్కానర్‌లో ఒక్కో సిలిండర్ మిస్‌ఫైర్ లెక్కలు కూడా చూడాలి. నాలుగు ప్లగ్గులు మారిస్తే పోయే అదురుకు కన్వర్టర్ మార్పించి చేతిచమురు వదిలించుకున్నవారు తక్కువేమీ లేరు.

మిగతా లక్షణాలను చదవడం దీనికంటే సులువు. డి (డ్రైవ్) లోకో ఆర్ (రివర్స్) లోకో వేసిన తరువాత బండి కదలడానికి రెండు మూడు సెకన్లు పడుతుంటే లోపల పీడనం సరిగా ఏర్పడడం లేదు: ఫ్లూయిడ్ తగ్గి ఉండవచ్చు, ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, సీళ్లు గట్టిపడి ఉండవచ్చు, పంపు అరిగి ఉండవచ్చు. గేర్ మారే మధ్యలో ఇంజిన్ ఆర్‌పీఎం ఎగిరిపడి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. బండి ఒకే గేర్‌లో బిగుసుకుపోయి హెచ్చరిక లైటు వెలిగిందంటే కంప్యూటర్ తనంతట తాను రక్షణ స్థితిలోకి వెళ్లింది; ఇది భయపెడుతుంది గానీ, కారణం తరచుగా ఒక సెన్సరో, కనెక్టరులోకి చేరిన తడో అయి ఉంటుంది.

కొన్ని గేర్లు మాత్రమే పోవడం అన్నింటికంటే స్పష్టంగా చెప్పే లక్షణం. జనరల్ మోటార్స్ పికప్‌లలో ఏళ్ల తరబడి వచ్చిన 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో రెండో గేరు, నాలుగో గేరు, రివర్స్ మూడూ ఒకేసారి మాయమై, ఒకటీ మూడూ మాత్రం పనిచేస్తుంటే లోపలి సన్ షెల్ (గేర్లను కలిపే డ్రమ్ములాంటి భాగం) విరిగిందని అనుభవమున్న మెకానిక్ బండి కిందికి దూరకముందే చెప్పగలడు. మూడు నాలుగు మాత్రమే జారుతుంటే దాని మరో ప్రసిద్ధ బలహీనతయిన 3–4 క్లచ్ కాలిపోయిందని అర్థం. ఇటువంటివి సాఫ్ట్‌వేర్‌తో, ఫ్లూయిడ్‌తో బాగుపడవు.

గేర్‌బాక్స్ అడుగున ఫ్లూయిడ్ నిలిచే పాన్ విప్పించినప్పుడు పక్కనే నిలబడి చూడండి. అయస్కాంతం మీద మెత్తని బూడిద రంగు ముద్ద కొద్దిగా ఉండడం సహజమైన అరుగుదల. మెరిసే రేకులు, ఇత్తడి రంగు తునకలు, నల్లని పొట్టు కనిపిస్తే మాత్రం లోపల గట్టి భాగాలో క్లచ్ లైనింగో ఊడివస్తున్నాయి. మాడు వాసన కూడా అదే చెబుతుంది. ఫ్లూయిడ్ గులాబీ రంగు పాలలా మారితే రేడియేటర్ లోపల ఫ్లూయిడ్‌ను చల్లబరిచే కూలర్ పగిలి కూలెంట్ కలిసిందని అర్థం. 2005 నుంచి 2010 వరకు వచ్చిన నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్‌లు ఈ లోపానికి పేరుమోశాయి. కూలెంట్‌లోని నీరూ గ్లైకాలూ క్లచ్ లైనింగును పట్టి ఉంచే జిగురును వదులు చేస్తాయి, కాబట్టి ఆ స్థితిలో కొంతకాలం నడిచిన గేర్‌బాక్స్‌ను కడిగినంత మాత్రాన నమ్మడానికి వీల్లేదు. అటువంటి బండి ఇంకా చెడిపోకుండా ఉంటే, రేడియేటర్‌ను ముందుగానే మార్చడమో, ఫ్లూయిడ్ గొట్టాలను బయటి కూలర్‌కు మళ్లించడమో ఉత్తమం.

సర్దుకుపోవడం ఎప్పుడు సబబు

సర్దుకుపోవడం అనేది బద్ధకం కాదు, కొన్ని లోపాల విషయంలో అదే సరైన నిర్ణయం. చల్లగా ఉన్నప్పుడు మొదటి కొన్ని నిమిషాలు గేర్లు గట్టిగా పడడం, ఆగబోయే ముందు రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు చిన్న తోపు, తేలికైన ఎత్తుల్లో గేర్లు పైకీ కిందికీ ఊగిసలాడడం వంటివి చిరాకు పెడతాయే తప్ప గేర్‌బాక్స్‌ను తినేయవు. 2016–2023 టొయోటా టకోమాలో 6 గేర్ల ఆటోమేటిక్ ఇలాగే ఎత్తుల దగ్గర గేర్ ఎంచుకోలేక తడబడుతుందన్న విమర్శ గట్టిగానే ఉంది. అది మొండితనమే గానీ బలహీనత కాదు. పైగేర్లను ఆపే బటనో, మాన్యువల్ మోడో, టో మోడో (ట్రైలర్ లాగేటప్పటి సెట్టింగు) వాడితే ఈ ఊగిసలాట చాలావరకు పోతుంది.

ఆర్‌పీఎం ఎగరడం, కదలడానికి ఆలస్యం కావడం, మాడు వాసన రావడం వేరే కథ. జారిన ప్రతిసారీ క్లచ్ లైనింగు కొంత పోతుంది, ఆ పొట్టు వాల్వ్ బాడీలోకీ కూలర్‌లోకీ చేరి మరికొన్ని భాగాలను పాడుచేస్తుంది. ఈ దశలో ఆరు నెలలు వాయిదా వేస్తే కొన్ని క్లచ్ ప్లేట్లతో పోయేది డ్రమ్ములు, పంపు, కేసు దాకా పాకి మొదటికే మోసం వస్తుంది. మార్పిడిలో పాత గేర్‌బాక్స్‌కు ఇచ్చే విలువ కూడా తగ్గుతుంది. రద్దీ రోడ్డు మీద ఓవర్‌టేక్ మధ్యలో డ్రైవ్ పోతే ఎదురయ్యే ప్రమాదాన్ని ఖర్చుతో తూచలేము. తప్పనిసరై కొంతకాలం నడపాల్సి వస్తే ట్రైలర్ తగిలించకూడదు, పూర్తిగా ఆగిన తరువాతే డి నుంచి ఆర్ లోకి మార్చాలి, గేర్ పట్టుకున్నట్టు తెలిశాకే యాక్సిలరేటర్ తొక్కాలి, వాలులో ముందు హ్యాండ్ బ్రేక్ వేసి ఆ తరువాత పి (పార్క్) లోకి తేవాలి. అదనపు కూలర్ బిగించడం ఆరోగ్యంగా ఉన్న గేర్‌బాక్స్‌కు మంచి రక్షణ, జారుతున్నదానికి మందు కాదు. దారిలో ఆగిపోయిన బండిని చక్రాల మీద ఈడ్చుకుపోనివ్వవద్దు: గేర్‌బాక్స్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది కనుక, ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే లోపలి భాగాలకు చుక్క ఫ్లూయిడ్ అందదు.

ఫ్లూయిడ్ మార్పు: దాని శక్తి, దాని హద్దు

పాత గేర్‌బాక్స్‌లో ఫ్లూయిడ్ మారిస్తే అది చచ్చిపోతుందన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది. అప్పటికే లైనింగు అరిగిపోయి, ఫ్లూయిడ్‌లో తేలే పొట్టు గరుకుతో ఎలాగో పట్టు నిలుస్తున్న గేర్‌బాక్స్‌లో కొత్త ఫ్లూయిడ్ పోస్తే అది జారడం బయటపడవచ్చు. చావును అది తెచ్చిపెట్టలేదు, దాచి ఉన్నదాన్ని చూపించింది. అందువల్ల జారడం మొదలుకానంతవరకు మార్పించడమే మేలు. పాన్ విప్పి దించితే మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే బయటికి వస్తుంది, మిగిలినది కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల ఎడంతో రెండు మూడు విడతలుగా మార్చడం, ఎన్నడూ మార్చని గేర్‌బాక్స్‌ను యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించడం కంటే సురక్షితమని నా అభిప్రాయం.

'జీవితకాలం సరిపోయే ఫ్లూయిడ్' అన్న మాటను కూడా కొంచెం అనుమానంతోనే చూడాలి. రామ్ 1500లో 2013 నుంచి వస్తున్న 8 గేర్ల గేర్‌బాక్స్‌కు మూల రూపకర్త అయిన జడ్ఎఫ్ సంస్థ తన గేర్‌బాక్స్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా 8 ఏళ్లకు మించకుండా ఫ్లూయిడ్ మార్చమని చెబుతుంది. తరచుగా ట్రైలర్ లాగేవారు 50,000 దగ్గరే మార్చడం మంచిది. ఏ ఫ్లూయిడ్ అన్నది అంతకంటే ముఖ్యం: డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, మెర్కాన్ యూఎల్‌వీ, ఏటీఎఫ్+4, టొయోటా డబ్ల్యూఎస్ ఒకదాని బదులు ఒకటి పోసేవి కావు, చిక్కదనంలోనూ రాపిడి గుణంలోనూ వేటికవే వేరు. అన్నింటికీ సరిపోతుందని డబ్బా మీద రాసినదాన్ని నేనైతే వాడను.

ఫ్లూయిడ్ మార్పే పూర్తి వైద్యమైన సందర్భం కూడా ఒకటుంది. జనరల్ మోటార్స్ 8 గేర్ల 8ఎల్90, 8ఎల్45 గేర్‌బాక్స్‌లలో కనిపించిన లాకప్ అదురుకు మొదట పోసిన ఫ్లూయిడ్ తేమను పీల్చుకోవడాన్ని కారణంగా గుర్తించి, 2019 నుంచి దాన్ని పూర్తిగా తీసేసి సవరించిన మొబిల్ 1 ఎల్‌వీ హెచ్‌పీ ఫ్లూయిడ్ నింపమని కంపెనీ తన సర్వీసు కేంద్రాలకు సూచించింది. 2015–2019 మధ్య తయారైన అటువంటి బండి అదురుతుంటే, కన్వర్టర్ మార్చాలనే మాట వినడానికి ముందు ఈ మార్పు జరిగిందో లేదో సర్వీసు రికార్డులో చూసుకోవాలి.

దించకుండా చేసే మరమ్మతు

ఈ దారి గురించి తక్కువ మంది ఆలోచిస్తారు, ఎక్కువ డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే. ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లలోని 6ఆర్80 గేర్‌బాక్స్ దీనికి మంచి ఉదాహరణ. నడుస్తున్న బండి ఉన్నట్టుండి మొదటి గేర్‌లోకి దిగిపోవడం వంటి ఘోరమైన లక్షణానికి కారణం అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ సంకేతం తెగిపోవడమని తేలింది. అమెరికాలో 2011–2012 మోడళ్లను 2016లోనూ, 2013 దాకా విస్తరించి 2019లోనూ వెనక్కి పిలిపించి సాఫ్ట్‌వేర్ మార్చారు. ఆ బండికి గేర్‌బాక్సే పోయిందని రీబిల్డ్ చేయించి ఉంటే ఖర్చంతా వృథా అయి, సెన్సర్ ఉన్న లీడ్ ఫ్రేమ్ అనే వైరింగ్ పలక మార్చకపోతే లోపం తిరిగి వచ్చేది. కాబట్టి ఛాసిస్ నంబరుతో రీకాల్ ఏమైనా పెండింగులో ఉందేమో చూడడం ఎంపికలన్నింటికంటే ముందు చేయవలసిన పని.

వాల్వ్ బాడీ మార్పించేటప్పుడు ఒక చిక్కుంది. చాలా కొత్త గేర్‌బాక్స్‌లలో సోలినాయిడ్ల గుణాలకు సంబంధించిన కోడ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఆ తరువాత పాత అలవాట్లను చెరిపేసి కొత్తగా నేర్చుకోనివ్వాలి. ఆ పరికరం, ఆ ఓపిక లేని షెడ్డులో చేయిస్తే మంచి భాగం బిగించినా బండి ముందుకంటే అధ్వానంగా నడుస్తుంది. కొత్తగా నేర్చుకోవడానికి రకరకాల వేగాల్లో కొంత దూరం నడవాలి; మొదటి రోజే కుదరలేదని వెనక్కి తీసుకుపోవద్దు.

నియంత్రణ భాగాలతో తీరని లోపాలూ ఉన్నాయి. ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించగా 2017 ఎఫ్-150తో వచ్చిన 10 గేర్ల కుటుంబంలో, ఫోర్డ్ 10ఆర్80కు చెందిన సీడీఎఫ్ అనే క్లచ్ డ్రమ్ములోని బుషింగ్ (లోహపు గొట్టంలాంటి ఆనిక) తన స్థానం నుంచి జరిగిపోతే పీడనం లీకై కొన్ని గేర్లు గట్టిగా పడడమో జారడమో జరుగుతుంది. దానికి సవరించిన డ్రమ్ వేయాల్సిందే, అంటే గేర్‌బాక్స్ దిగాల్సిందే.

దించక తప్పనప్పుడు: మూడు రకాల గేర్‌బాక్స్‌లు

సొంత గేర్‌బాక్స్‌ను రీబిల్డ్ చేయించడం, ఫ్యాక్టరీ పద్ధతిలో పునర్నిర్మించినదాన్ని తెప్పించడం, సెకండ్ హ్యాండ్‌ది బిగించడం అనే మూడింటిలో రీబిల్డ్ మంచిచెడ్డలు పూర్తిగా చేసే మనిషి మీద ఆధారపడి ఉంటాయి. ఆ మోడల్‌ను తరచూ విప్పే మెకానిక్ దాని బలహీనతలు తెలిసినవాడు గనుక, కంపెనీ వేసిన భాగం బదులు గట్టిది వేయగలడు. అలాంటి మనిషి దొరికితే ట్రైలర్ లాగే బండికి నేను రీబిల్డ్‌నే ఎంచుకుంటాను. ఆయనను అడగవలసిన ప్రశ్నలు కొన్నున్నాయి. టార్క్ కన్వర్టర్ మారుస్తున్నారా, పాతదే పెడుతున్నారా? కూలర్‌ను మారుస్తారా, కనీసం పొట్టు పోయేలా కడుగుతారా? క్లచ్ ప్లేట్ల మధ్య ఉండే స్టీలు రేకులు కొత్తవేనా? జనరల్ మోటార్స్ 6ఎల్80 వంటి గేర్‌బాక్స్‌లలో కన్వర్టర్ లోపలే విరిగి ఆ లోహపు పొడి పంపు దాకా పాకుతుంది, కాబట్టి పాత కన్వర్టర్‌తో, కడగని కూలర్‌తో చేసిన రీబిల్డ్ ఎంత చవకైనా వద్దు. రీబిల్డ్ చేసినవి త్వరగా మళ్లీ చెడిపోవడానికి ఈ రెండే ప్రధాన కారణాలు.

ఫ్యాక్టరీ పద్ధతిలో పునర్నిర్మించినది సాధారణంగా రీబిల్డ్ కంటే ఖరీదు, కానీ పరీక్షా యంత్రం మీద నడిపి చూసి పంపుతారు, అప్పటిదాకా వచ్చిన సవరణలు అందులో ఉంటాయి, వారంటీ విస్తారంగా ఉంటుంది, బండి షెడ్డులో తక్కువ రోజులు నిలుస్తుంది. బండి మీదే బతుకు నడిచేవారికి ఆ రోజుల విలువే తేడాను పూడ్చవచ్చు. పాత గేర్‌బాక్స్‌ను తిరిగి పంపితేనే కొనేటప్పుడు కట్టిన డిపాజిట్ వెనక్కి వస్తుంది. కేసు పగిలి ఉంటే రాదు. రీబిల్డ్, ఫ్యాక్టరీది రెండింటిలోనూ వారంటీ కాగితం మీద చదవవలసింది కాలమో దూరమో మాత్రమే కాదు: మళ్లీ చెడిపోతే దించి ఎక్కించే కూలి ఎవరు భరిస్తారు, బండి వేరే చోట ఆగిపోతే అక్కడి షెడ్డులో చెల్లుతుందా, ట్రైలర్ లాగితే రద్దవుతుందా అన్నవి స్పష్టంగా ఉండాలి.

సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ చవకదనం ఆకర్షిస్తుంది. అది వచ్చిన బండి ఎందుకు తుక్కులో చేరిందో, ఎంత వేడి చూసిందో తెలియదు, పైగా మీ గేర్‌బాక్స్‌ను చంపిన బలహీనతే దానిలోనూ అదే వయసుతో ఉంటుంది. ఒకటి రెండేళ్లలో వదిలించుకోబోయే పాత బండికి, అదీ ప్రమాదంలో దెబ్బతిన్న తక్కువ తిరిగిన బండి నుంచి తీసినదైతే, ఒప్పుకోవచ్చు. ఇంజిన్, మోడల్ సంవత్సరం, టూ వీల్ డ్రైవా ఫోర్ వీల్ డ్రైవా అన్నవి సరిపోలాలి. కంప్యూటర్ వాల్వ్ బాడీలోనే ఉండే 6ఎల్80, జడ్ఎఫ్ 8హెచ్‌పీ వంటివాటికి మీ బండికి తగ్గట్టు ప్రోగ్రామింగ్ తప్పదు.

అమ్మేయడం

గేర్‌బాక్స్ ఖర్చును బండి ప్రస్తుత ధరతో పోల్చి, సగం మించితే అమ్మేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. నాకది అంత నచ్చదు, ఎందుకంటే అదే ధరలో దొరికే మరో పాత పికప్ గేర్‌బాక్స్ కూడా ఎన్నాళ్లుంటుందో హామీ లేదు. చూడవలసింది బండిలో మిగతావి ఏ స్థితిలో ఉన్నాయన్నది. ఛాసిస్ ఫ్రేముకు లోతైన తుప్పు పట్టినా, ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా గేర్‌బాక్స్ మీద డబ్బు పెట్టకుండా, లోపం దాచకుండా చెప్పి అమ్మేయాలి. ఫ్రేమూ ఇంజినూ గట్టిగా ఉండి, ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకోదలిస్తే మంచి గేర్‌బాక్స్ వేయించడమే లాభం. ఆ తరువాత మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు లాగకుండా నడిపి, ఫ్లూయిడ్ మట్టం, లీకులు మరోసారి చూపించుకోవాలి.

అమ్మి మరో పికప్ కొనేటట్టయితే, చూడడానికి వెళ్లేముందు ఇంజిన్ వేడి చేయవద్దని అమ్మేవారికి చెప్పండి. గట్టిపడిన సీళ్లు, ఆలస్యంగా పట్టే గేర్లు చల్లని బండిలోనే బయటపడతాయి. లాకప్ అదురు మాత్రం బండి బాగా వేడెక్కాకే వస్తుంది. కాబట్టి కనీసం అరగంట నడపాలి, అందులో కొంతసేపు నిలకడైన వేగంతో వెళ్లాలి, ఒక ఎత్తు ఎక్కాలి, వాలులో వెనక్కి నడపాలి. స్కానర్ తగిలించినప్పుడు తప్పుల కోడ్‌లన్నీ కొద్ది రోజుల క్రితమే చెరిపేసినట్టు కనిపిస్తే, ధర ఎంత బాగున్నా ఆ బండిని వదిలేయడమే మంచిది.